ఒసాకా కేక

విశాఖపట్నంలో శబ్ద సంపద సంరక్షణ ప్రాధికార సంస్థ వెలిసిన ఏడాదే ఊళ్లో పాత గ్రామఫోన్ రికార్డుల పిచ్చి కూడా ముదిరింది. ఏది ముందు, ఏది వెనక అన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన సంగతి. సంస్థ తెచ్చిన నిబంధన మాత్రం చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువుగా ఉంది. యాభై ఏళ్లు దాటిన విదేశీ రికార్డు ఏదైనా జాతి సంపద. దాని మీద ముల్లు పెట్టి తిప్పితే గాడి అరుగుతుంది. గాడి అరిగితే సంపద తరుగుతుంది. కాబట్టి రికార్డులను కాపాడాలంటే వాటిని ఎవరూ వినకూడదు. చదివినవాళ్లందరూ ఇందులో తప్పు ఎక్కడుందా అని వెతికారు, దొరక్కపోయేసరికి సంస్థను మెచ్చుకుని ఊరుకున్నారు.

నిజానికి ఊళ్లో రికార్డులు సేకరించే పెద్దమనుషులకు ఈ నిబంధన వల్ల పెద్ద ఇబ్బంది కలగలేదు. వాళ్లు ముందు నుంచీ వినేవాళ్లు కారు. వాళ్లకొక మిత్రమండలి ఉంది. నెలకోసారి ఒక డాక్టరు గారి మేడ మీద చేరి, ఒకరి రికార్డు ఒకరు వెలుతురుకు పెట్టి చూసుకునేవారు. ఒకే ఆల్బం ఇంగ్లండులో అచ్చయితే ఒక విలువ, జర్మనీలో అచ్చయితే ఇంకో విలువ. ఇలా దేశానికో అచ్చును వాళ్లు ప్రెస్సింగ్ అంటారు. ఏ దేశం ప్రెస్సింగ్, ఎన్నో విడత, అట్ట మూల నలిగిందా లేదా అని అడిగేవారు గానీ పాట ఎలా ఉందని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపని రికార్డు ఉన్నవాడికి ఆ మేడ మీద మెత్తటి కుర్చీ వేసేవారు.

ఆ మండలిలో బెవర తాతారావుకు ఎప్పుడూ గుమ్మం పక్కన స్టూలే. అతను పోర్టులో క్రేను నడిపి రిటైరైనవాడు. పైగా అతని సేకరణ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కాపర్ హెరాన్స్ అనే రాక్ బృందం ఎప్పుడో డెబ్బై మూడులో జపానులోని ఒసాకా నగరంలో కచేరీ చేస్తే, ఆ కచేరీ ఆల్బంగా వచ్చింది. తాతారావు దగ్గర ఆ ఒక్క ఆల్బమే ఉంది. కాకపోతే ఇంగ్లండుది, జర్మనీది, బ్రెజిల్‌ది, యుగోస్లావియాది, మన కలకత్తాది, ఇలా అరలు నిండా అదే ఆల్బం. ఒకే బొమ్మ, ఒకే పాటలు. పోర్టుకొచ్చిన నావికులను బతిమాలి, వాళ్లకు చేపల పులుసు వండి పెట్టి, ఒక్కొక్కటీ సంపాదించాడు. అన్నిటి మీదా ముల్లు పెట్టి వినేశాడు కూడా. ఆ సంగతి తెలిసిన రోజు మండలి కార్యదర్శి ఆల్బర్ట్ మాస్టారు కాఫీ తాగడం మానేసి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు.

తాతారావు వెతుకుతున్నది పాటల కోసం కాదు. పాటకూ పాటకూ మధ్య ఉండే ఖాళీ కోసం. అతని అన్న నూకరాజు ఓడల్లో ఫిట్టరు. అతని ఓడ ఒసాకా రేవులో ఆగినప్పుడు తోటి నావికుడు టిక్కెట్టు ఇస్తే ఆ కచేరీకి వెళ్లాడు. ఒక నెమ్మదైన పాట అయిపోయాక, జపాను వాళ్లంతా మర్యాదగా ఊపిరి బిగబట్టి కూర్చున్న క్షణంలో, ఉండబట్టలేక లేచి ఒక కేక వేశాడు. "నా కేక రికార్డులో ఎక్కింది, సూడండి" అని ఇంటికొచ్చి అందరికీ చెప్పాడు. కొత్తగా పెళ్లయింది. పెళ్లాం పైడమ్మకు మరీ మరీ చెప్పాడు. తర్వాతి ప్రయాణంలో ఓడ తిరిగి రాలేదు. పైడమ్మకు ఒక ఫోటో మిగిలింది, గొంతు మిగలలేదు. ఆ రోజుల్లో మనుషుల గొంతులు దాచుకునే ఏర్పాటు పేదవాళ్ల ఇళ్లలో ఎక్కడుంది?

మిగతా దేశాల కంపెనీలన్నీ ఆ ఖాళీని కత్తిరించి పారేశాయి. జపాను వాళ్లు మాత్రం మొదటి విడతలో ఉన్నదున్నట్టు అచ్చు వేశారని, రెండో విడతకు వాళ్లూ కత్తిరించేశారని తాతారావు ఆలస్యంగా తెలుసుకున్నాడు. అప్పటిదాకా కొత్త ప్రెస్సింగ్ వచ్చినప్పుడల్లా వదినను స్పీకరు ముందు కూర్చోబెట్టేవాడు. ఆమె తల దువ్వుకుని, కొంగు సర్దుకుని, ఎవరో చూడ్డానికి వస్తున్నట్టు కూర్చునేది. ఏమీ వినపడేది కాదు. "పోన్లే బాబూ, పాటలు బాగున్నాయి" అనేది. ఇప్పుడామె చెవులు నెమ్మదిగా సెలవు తీసుకుంటున్నాయి. మిషను పెట్టినా ఇంకెన్నాళ్లో చెప్పలేమని డాక్టరు తేల్చేశాడు.

ఆ పరిస్థితిలో కోబే నగరం నుంచి ఒక ముసలి సేకర్త దయతలచి ఆ మొదటి విడత రికార్డు పంపాడు. జపాను రికార్డులకు నడుము చుట్టూ ఒక కాగితం పట్టీ ఉంటుంది. అది కూడా చెక్కుచెదరకుండా ఉంది. పైడమ్మ అప్పటికి బొబ్బిలిలో ఉంది, చెల్లెలికి మోకాలి ఆపరేషనని వెళ్లింది. మళ్లీ ఆమెను ఉసూరుమనిపించడం ఇష్టం లేక తాతారావు ముందు తానొక్కడే విన్నాడు. పాట అయిపోయింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మధ్యలో అన్న అరిచాడు. తాతారావు నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఫోను చేసి సంగతి చెబితే పైడమ్మకు సగం వినపడింది, సగం వినపడలేదు. ఆదివారం వస్తానంది.

ఆదివారం దాకా నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ రికార్డులు సేకరించేవాడికి దొరకడం సగం సంతోషమే, దొరికిందని నలుగురిలో చెప్పుకోవడం మిగతా సగం. తాతారావు మండలికి వెళ్లి అన్న సంగతంతా చెప్పాడు. అందరూ కదిలిపోయి విన్నారు.

"మొదటి విడతేనా? ఖాయమా?" అన్నారు ఆల్బర్ట్ మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకుని.

"ఖాయమేనండి. మా అన్న గొంతు సక్కగా ఇనపడింది."

"అది సరే. పట్టీ ఉందా?"

పట్టీ ఉందనేసరికి తాతారావు జీవితంలో మొదటిసారి మెత్తటి కుర్చీ వచ్చింది. శనివారం పొద్దున్నే చెంగల్రావుపేటలో అతని ఇంటి ముందు జీపు కూడా వచ్చింది. ఆల్బర్ట్ మాస్టారు సంస్థకు గౌరవ సలహాదారని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న నలుగురు దిగి రికార్డును దూదిలో పెట్టారు, దూదిని పెట్టెలో పెట్టారు, పెట్టెను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టారు. వాళ్లు వెనక ఇరుక్కుని కూర్చున్నారు. సంస్థ ప్రధాన సంరక్షకులు డాక్టర్ విరించి పట్నాయక్ గారు తాతారావు చేతులు పట్టుకుని అభినందించారు.

"తమరు ఈ సంపదను ఇంతవరకు భద్రపరచినందుకు జాతి తమకు రుణపడి ఉంది. ఇకపై దీనిని తమరి బారి నుంచి భద్రపరచు బాధ్యత సంస్థ స్వీకరిస్తున్నది."

"రేపు మా వదిన వచ్చేస్తాదండి. ఒక్కపాలి ఇనిపించీసి ఇచ్చెస్తాను" అన్నాడు తాతారావు.

పట్నాయక్ గారు బాధగా నవ్వారు. హత్యకు అనుమతి అడిగిన అమాయకుడిని చూసినట్టు చూశారు.

సోమవారం తాతారావు వదినను వెంటబెట్టుకుని సంస్థ వారి శ్రవణ భవనానికి వెళ్లాడు. సముద్రానికెదురుగా పాలరాయి కట్టడం. గుమ్మంలోనే 'ఇది శ్రవణ భవనం, నిశ్శబ్దం పాటించండి' అని పెద్ద పలక. లోపల చలి, మసక వెలుతురు. అద్దాల పెట్టెల్లో రికార్డులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. జనం వరసగా నిలబడి వాటిని కళ్లతో వింటున్నారు. గైడు చిన్న టార్చిలైటు వేసి గుసగుసగా వివరిస్తున్నాడు.

"ఇక్కడ మెరుపు గరుగ్గా ఉంది చూడండి, అది డ్రమ్ము. ఇక్కడ నున్నగా ఉన్నది గిటారు. ఈ మలుపు దగ్గర గాయకుడు కంటతడి పెట్టిస్తాడు."

ఒకావిడ నిజంగానే కళ్లు తుడుచుకుంది. ఒకాయన పరవశించి చప్పట్లు కొట్టబోతే కాపలాదారు వేలు చూపించి ఆపాడు. అప్పటికే ఒక పత్రికలో ఈ ప్రదర్శన మీద సమీక్ష కూడా వచ్చింది. ధ్వని నాణ్యత అమోఘమని రాశారు.

తాతారావు వదినను తమ రికార్డు దగ్గరకు తీసుకెళ్లాడు. రెండు పాటల మధ్య నున్నటి నలుపు ఉంటుంది. ఆ నలుపులో కళ్లు చిట్లించి చూస్తే వెంట్రుకలా ఒక గరుకు గీత కనపడుతుంది.

"అదే వదినా. అదే అన్న" అన్నాడు.

పైడమ్మ అద్దానికి చెవి ఆనించింది. కాపలాదారు వచ్చి, చెవులు తగిలించరాదమ్మా, అద్దం మీద మరక పడుతుంది అన్నాడు.

అక్కడి నుంచి ఇద్దరూ పట్నాయక్ గారి గదికి వెళ్లారు. ఆయన పక్కనే శ్రవణాధికారి భుజంగరావు గారు కూడా కూర్చుని ఉన్నారు. సంస్థ మొత్తానికి రికార్డును తిప్పే అధికారం ఉన్న ఒకే ఒక్క మనిషి ఆయన. పూర్వం ట్రాఫిక్ హారన్ల శాఖలో పనిచేశారు. రికార్డులో ధ్వని ఉన్నదీ లేనిదీ ఆయనే ధ్రువీకరించాలి. అయితే విధి నిర్వహణలో ఆనందం కలిగితే అది ప్రభుత్వ ఆస్తిని స్వంతానికి అనుభవించడమే అవుతుంది గనక, రికార్డు తిరుగుతున్నంతసేపూ చెవులకు మందపాటి తోలు డొప్పలు తగిలించుకోవాలని నియమం. ఆయన నిజాయితీపరుడు కాబట్టి వాటిని ఇంట్లో కూడా తీసేవారు కాదని చెబుతారు.

"మా రికార్డు మీరు ఇన్నారా అండి?" అని అడిగాడు తాతారావు.

భుజంగరావు గారు ఒక డొప్ప ఎత్తి ప్రశ్న మళ్లీ చెప్పించుకుని, తిరిగి మూసుకుని జవాబిచ్చారు. "ముల్లు కదిలినది. కనుక ధ్వని ఉన్నది. నా మీద ఇంతవరకూ ఒక్క ఆరోపణ లేదు."

"ఆ ఒక్క ముక్క మా వదినకి ఇనిపించండి బాబూ. ఎక్కువ కాదు. అంత పొడుగు కూడా ఉండదు. ఆవిడకి సెవులు పోతన్నాయి" అని దండం పెట్టాడు తాతారావు.

"తాతారావు గారూ, తమరు భావోద్వేగ కోణంలో మాట్లాడుతున్నారు. సంస్థ సంరక్షణ కోణంలో ఆలోచిస్తుంది. ఈ రెండు కోణాలు కలిసే బిందువు ప్రస్తుతానికి మా పరిధిలో లేదు" అన్నారు పట్నాయక్ గారు. అయినా కఠినులు కారు. "సరే, అర్జీగా స్వీకరిస్తాను. సదరు కేకలో అభ్యంతరకరమైన పదజాలం ఏమైనా ఉన్నదా?"

"అబ్బే. 'ఓర్నాయనో! ఏటి వాయించినావురా బాబూ! ఇంకోపాలి కానియ్యి!' అన్నాడండి."

పట్నాయక్ గారు గుమాస్తాకు చెప్పి రాయించారు. "'ఓ తండ్రీ, ఏమి వాదనము గావించితివి బాలకా, మరియొక పర్యాయము కొనసాగింపుము' అని గుర్తు తెలియని భారతీయుడొకడు కోరియున్నాడు."

"గుర్తు తెలియనోడేటండి! మా అన్నండి!"

"గొంతును బట్టి గుర్తించవలసిన వ్యక్తి ఎవరు?"

"మా వదినేనండి."

"ఆవిడ విన్నారా?"

"మీరు ఇననివ్వడం లేదు కదండి!"

"అదే మేమూ అంటున్నది. విననందున గుర్తించలేదు. గుర్తించనందున ఆయన ఆవిడ భర్త అని నిర్ధారణ లేదు. నిర్ధారణ లేనందున వినే హక్కు లేదు. ఇందులో ఎక్కడైనా కక్ష సాధింపు కనిపిస్తున్నదా?"

కనిపించలేదు. తాతారావుకు అప్పటికే తల తిరుగుతోంది. పోర్టులో ఇరవై టన్నుల ఇనుమును గాల్లో ఆపినవాడికి ఈ ముక్క మాత్రం లేవలేదు. చివరికి కడుపు మండి ఒక మాట అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"ఒక్కపాలి ఏస్తే అరిగిపోద్దని మీకెవరు సెప్పారండి? మీరేవైనా ఏసి సూసారా?"

పట్నాయక్ గారు భుజంగరావు గారి వైపు చూశారు. భుజంగరావు గారికి వినపడలేదు గనక ప్రశాంతంగా ఉన్నారు. భవనం కట్టారు, పాలరాయి పరిచారు, పలక పెట్టారు, గైడుకు టార్చిలైటు కొన్నారు. కానీ వింటే అరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. సంస్థ పునాదిలోనే ఒక ఇటుక తక్కువైందని పట్నాయక్ గారికి అప్పుడే తెలిసింది.

"అమూల్యమైన సూచన" అన్నారాయన లేచి నిలబడి. "తక్షణం ఉపసంఘం వేస్తాము."

అరుగుదల నిర్ధారణ ఉపసంఘం ఆ వారమే ఏర్పడింది. పరీక్షకు ఏ రికార్డు తీసుకోవాలన్నది మొదటి ప్రశ్న. బాగా వాడేసిన రికార్డు పనికిరాదు, పాత అరుగుదల కొత్తదానితో కలిసిపోతుంది. జంట ఉన్న రికార్డూ పనికిరాదు, ఫలితాన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు. కొత్తదానిలా ఉండి, దేశం మొత్తం మీద ఒక్కటే ఉన్నదైతే ఫలితానికి గౌరవం. అలాంటిది భవనంలో ఒక్కటే ఉంది. ఏ భాగం మీద పరీక్షించాలన్నది రెండో ప్రశ్న. అర్జీదారు కోరినది రెండు పాటల మధ్య ఖాళీ కాబట్టి, మిగతా పాటల జోలికి పోవడం పరిధి దాటడమే అవుతుందని న్యాయ సలహాదారు హెచ్చరించారు.

కాబట్టి ఆ ఖాళీనే పరీక్షించారు. శబ్దం బయటకు పోని గది. తలుపులకు దూది. లోపల భుజంగరావు గారు, చెవులకు డొప్పలు. ముల్లు ఖాళీ మొదట్లో పెట్టేవారు, ఖాళీ చివర్లో ఎత్తేవారు, మళ్లీ మొదట్లో పెట్టేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, మధ్యలో భోజన విరామంతో, ఇదే పని. నూకరాజు అరిచాడు. మళ్లీ అరిచాడు. ఒక వానాకాలమంతా అరుస్తూనే ఉన్నాడు. ఏటి వాయించినావురా బాబూ అని గొంతు చించుకున్నాడు. అక్కడున్న ఒకే ఒక్క మనిషికి వినపడకూడదని ప్రభుత్వం జీతం ఇస్తోంది.

ఈ లోపల బయట తాతారావుకు మాత్రం ఆశ పుట్టింది. పరీక్ష జరుగుతోందని తెలుసు, దేని మీద జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. తన మాట పట్టించుకున్నారని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు. "మంచోళ్లే పాపం, ఆళ్ల రూలు ఆళ్లకుంటాది" అనేవాడు. పైడమ్మ చెవి మిషను ఇంకో మెట్టు పెంచుకుంది. తర్వాత ఇంకో మెట్టు. ఆ పైన మెట్లు లేవు.

ఫలితాలు వెల్లడించే రోజున ఇద్దరినీ సంస్థ సగౌరవంగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆల్బర్ట్ మాస్టారూ మిత్రమండలీ వెనక వరసలో ఉన్నారు. పట్నాయక్ గారు మైకు ముందుకొచ్చారు.

"ఒక్క పర్యాయం విన్నంత మాత్రాన గాడికి హాని కలగదని అర్జీదారు వాదించారు. ఉపసంఘం నిష్పక్షపాతంగా పరిశీలించింది. మొదటి పర్యాయానికి ఎట్టి హానీ కలగలేదని ఒప్పుకోవడానికి మేము సంకోచించడం లేదు. వందో పర్యాయానికి కూడా స్వల్పమే. అయితే పరీక్షను కొనసాగించగా, కొనసాగించగా, చివరకు సదరు భాగం సంపూర్ణంగా అరిగిపోయినది. అక్కడ ఇప్పుడు ఏ ధ్వనీ లేదు. కనుక, వినడం హానికరమని శాస్త్రీయంగా రుజువైనదని తెలియజేయుటకు గర్విస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. ఆ భవనంలో చప్పట్లకు అనుమతి దొరకడం అదే మొదలు. పైడమ్మకు సగమే వినపడింది. ఏదో మంచి కబురనుకుని తానూ చప్పట్లు కొట్టింది. తాతారావు ఆమె చేతులు రెండూ పట్టుకుని ఆపాడు. అప్పుడతని ముఖం చూసి ఆమెకు మొత్తం అర్థమైంది.

సంస్థకు దయ లేదని ఎవరూ అనకూడదు. ఆ సాయంత్రమే రికార్డును అదే జీపులో, ఈసారి వెనక సీట్లో, ఇంటికి పంపించారు. సంపద విలువ కోల్పోయినందున దీనిని అర్జీదారు ఇకపై తన ఇష్టం వచ్చినన్నిసార్లు వినవచ్చునని ఒక చీటీ కూడా అంటించారు. మాస్టారు వచ్చి, అరిగిన రికార్డు ఎలాగూ ఎందుకూ పనికిరాదు గనక ఆ కాగితం పట్టీ తనకిస్తారా అని అడిగారు. తాతారావు తలుపేసుకున్నాడు.

పైడమ్మ తల దువ్వుకుంది. కొంగు సర్దుకుంది. "ఎయ్యి బాబూ" అంది.

"ఏటుంది వదినా ఎయ్యడానికి?"

"ఎయ్యి. ఉన్నకాడికి ఇంటాను."

తాతారావు ముల్లు పెట్టాడు. నెమ్మదైన పాట నడిచింది, అయిపోయింది. తర్వాత పెనం మీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు, అంతే. స్పీకరు ముందు కూర్చున్న ఆ ముఖం చూడలేకపోయాడు తాతారావు. గబగబా పెద్ద స్పీకరు పెట్టె వెనక్కి వెళ్లి, వంగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"ఓర్నాయనో! ఏటి వాయించినావురా బాబూ! ఇంకోపాలి కానియ్యి!"

పైడమ్మ ముందుకు వంగి స్పీకరు పెట్టె వైపు చూసింది.

"బాబూ" అంది పైడమ్మ. "పెట్టె కింద నుంచి నీ కాళ్లు కనపడతన్నాయి."

తాతారావు సిగ్గుతో బయటికొచ్చాడు. పైడమ్మకు కోపం రాలేదు. తల పక్కకు వంచి ఏదో లెక్కగట్టుకుంటున్నట్టుంది. "గొంతు అది కాదు. మీ అన్న కొంచెం ముక్కుతో అరిసీవోడు. 'బాబూ' కాడ సాగదీసీవోడు. మళ్లీ అను" అంది.

తాతారావు మళ్లీ అన్నాడు. రికార్డులో ఒక్కసారి విన్నది అతనికి గుర్తుంది, ఇంట్లో రోజూ విన్నది ఆమెకు గుర్తుంది. "ఇంకా ముక్కు కలుపు" అంటే కలిపాడు. "అంత ఒద్దు, ఆయనకేవైనా జలుబా?" అంటే తగ్గించాడు. ఆమె చెవికి అందాలి గనక ప్రతిసారీ గొంతు పగిలేలా అరవాల్సి వచ్చింది. అలా అనగా అనగా ఒకసారి పైడమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అదీ" అంది. ముఖం కొంగులో దాచుకుంది. ఇన్నేళ్లకు మొగుడి గొంతు విన్న మనిషి ఏడవక ఏం చేస్తుంది? తాతారావు కూడా పక్కన కూర్చుని ఏడ్చాడు.

పక్కింటివాళ్లు విన్నారు. వాళ్ల ద్వారా మాస్టారు విన్నారు. మర్నాడు జీపు మళ్లీ వచ్చింది. పట్నాయక్ గారు, తెల్ల తొడుగుల నలుగురు, భుజంగరావు గారు దిగారు.

"తాతారావు గారూ, అపురూపమైన వార్త" అన్నారు పట్నాయక్ గారు. "ఒసాకా కేక దేశంలో పూర్తిగా నశించిందని మేము పొరబడ్డాము. ఏకైక ప్రతి మిగిలి ఉన్నట్టు విశ్వసనీయంగా తెలిసింది."

"ఎక్కడండి?"

"తమరి గొంతులో. తమరిక మాట్లాడరాదు. గొంతు అరుగును. భవనంలో చల్లని గది సిద్ధంగా ఉన్నది. అద్దంలో నుంచి ప్రజలు తమరిని దర్శించుకుంటారు."

ఒకతను అప్పుడే తాతారావు మెడకు దూది చుడుతున్నాడు. ఇంకొకతను అతని నడుముకు కాగితం పట్టీ కొలుస్తున్నాడు. తాతారావు నోరు తెరవబోతే నలుగురూ కంగారుపడి వద్దు వద్దు అన్నారు.

పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది. సంగతేమిటని అడిగి, గట్టిగా చెప్పించుకుని, ఇంకోసారి చెప్పించుకుంది.

"అయితే ఒక్కటే ఉంటేనే పట్టుకెల్తారా?"

"అవునమ్మా. విరివిగా లభించు ప్రతులు మా పరిధిలోకి రావు."

"అలాగా" అంది పైడమ్మ, వీధిలోకి నడిచింది. చేపల గంప దించుకుంటున్న పోలమ్మను పిలిచింది. ఆటో తుడుచుకుంటున్న దాసును పిలిచింది. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లందరినీ పిలిచింది. "మా ఆయన ఇలా అరిసీవోడు, ఇనండి. ముక్కుతో అనాల. 'బాబూ' కాడ సాగదియ్యాల" అని తానే అరిచి చూపించింది. యాభై ఏళ్లుగా గట్టిగా మాట్లాడని మనిషి అలా అరిచేసరికి వీధి మొత్తం పని ఆపి నిలబడింది.

ముందు పోలమ్మ అంది. చేపలమ్మే గొంతు కాబట్టి హార్బరు దాకా పోయింది. తర్వాత దాసు అన్నాడు. తర్వాత కుళాయి దగ్గర అందరూ కలిసి అన్నారు. మేడల మీద నుంచి అన్నారు, కిటికీల్లోంచి అన్నారు. వలలు బాగుచేసుకునేవాళ్లు సంగతేమిటో తెలియకుండానే అందుకున్నారు. "ఓర్నాయనో! ఏటి వాయించినావురా బాబూ! ఇంకోపాలి కానియ్యి!"

పట్నాయక్ గారు కొంతసేపు ప్రతులు లెక్కపెట్టడానికి ప్రయత్నించారు. తర్వాత మానేశారు. దూది విప్పించి, పట్టీ చుట్ట చుట్టించి, "సర్వసాధారణ ప్రతి. సంరక్షణకు అనర్హము" అని నిట్టూర్చి జీపెక్కారు. శ్రవణాధికారి గారికి ఏమీ వినపడలేదు, ఆయన సర్వీసు నిష్కళంకంగా సాగుతోంది.

ఇప్పుడు చెంగల్రావుపేటలో ఏది బాగా కుదిరినా అదే కేక. వల నిండా చేపలు పడినా, పిల్ల పరీక్ష పాసైనా, పెళ్లిలో డప్పు బాగా వాయించినా అదే. అది ఎవరిదో సగం మందికి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. పైడమ్మ చెవులు ఇంకా తగ్గాయి, పక్కన కూర్చుని మాట్లాడినా అందడం లేదు. ఆ కేక మాత్రం వీధి వీధంతా కలిసి అరుస్తుంది కాబట్టి అందుతుంది. అప్పుడామె వంటింట్లో ఉన్నా సరే, చేస్తున్న పని వదిలి, "ఆఁ, వస్తన్నాను" అని పలుకుతుంది.